పొద్దున మాత్రమే పొగ రాని పొయ్యి

మా కొత్తింట్లో మొదటి భోజనాల నాడు మా ఆడబిడ్డ అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆవిడ మా ఆయనకు అక్క, తమిళనాడు సరిహద్దున తడలో ఉంటుంది. ఆరోజు నెమలికంఠం రంగు చీర కట్టుకుంది. మూడోసారి అన్నంలో చేపల పులుసు పోసుకుని, వేలు నాకుతూ, పదిమంది ముందర అంది.

"బాగుండాది మే. గ్యాసు పులుసుకి ఇంతకంటే ఏం కావాల."

అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నారు. తర్వాత నిలదీస్తే పొలమారిందన్నారు. ఇది జరిగి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో మా బంధువుల ఇళ్ళలో నా పులుసుకు ఆ పేరే స్థిరపడిపోయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడిన వాళ్ళు ఆరోగ్యం అడిగినట్టు "ఏమ్మా, గ్యాసు పులుసు ఎట్టా ఉండాది" అని అడుగుతారు. పడవ దిగిన వంజరం దిగినట్టే కొని, మట్టి దాకలో పాత చింతపండుతో, పుల్లమామిడికాయతో నేను వండే పులుసులో వాళ్ళకు గుర్తున్నది దాకలో ఉన్నది కాదు, దాని కింద మండేది.

ఆవిడ పులుసు గురించి నేను ఏనాడూ నోరెత్తలేదు. తమిళనాడు గాలి తగిలి ఆవిడ పులుసులో సాంబారు పొడి వాసన వస్తుందని పదిమందిలో అన్నానా? అనలేదు. ఇక్కడ రాశాను, అంతే.

ఈ ఎండాకాలం ఆవిడ ఫోన్ చేసింది. "ఇంకో రెండు వారాలకి, మంగళవారం, నెల్లూర్లో కంటి డాక్టరు దగ్గరికి పోవాల మే. ఆదివారమే వచ్చేస్తా. పులుసు పెట్టు."

ఆ ఆదివారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఫోన్ పెట్టేసి, మనం కట్టెల పొయ్యి కట్టిస్తున్నామని మా ఆయనతో చెప్పాను.

"యాడ?"

"వెనక రేకుల షెడ్డులో."

"గ్యాసు పొయ్యికి ఏమైంది?"

"దానికేం కాలేదు. నాకైంది."

మా ఆయన కరెంటాఫీసులో జనం ఫిర్యాదులు వినే సీటులో ఏళ్ళ తరబడి కూర్చుని రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు ఎప్పుడు తగ్గరో ఆయనకు తెలుసు. చొక్కా వేసుకుని మేస్త్రీని వెతకడానికి వెళ్ళారు.

మాది చిల్లకూరు నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డు చివర ఊరు. మేస్త్రీ చిల్లకూరు నుంచి వచ్చాడు. హైవే పక్కన హోటళ్ళకు పొయ్యిలు కట్టే మనిషి. గొట్టం పెట్టిన 'పొగ రాని పొయ్యి' కడతానన్నాడు. నిప్పు ఆగ్నేయంలో ఉండాలి, వండే మనిషి తూర్పు ముఖంగా నిలబడాలి అని మా ఆయన పట్టుబట్టారు. అందుకని పొయ్యి తూర్పు గోడకు ఆనించి కట్టాడు. గొట్టం పైకి పోవాలంటే రేకు కోయాలి, కోస్తే వానాకాలం కారుతుంది. కాబట్టి తూర్పు గోడకే బొక్క కొట్టి, గొట్టాన్ని వంచి బయటికి తీశాడు. ముగ్గురం చూశాం. ముగ్గురికీ బాగానే అనిపించింది. ఆ సంగతి దాచను.

పని అయ్యాక మేస్త్రీ నన్ను నిలబెట్టి పాఠం చెప్పాడు.

"అక్కా, గొట్టానికీ ఆ తాటి దూలానికీ నడాన జానెడు సందు వదిలినా. ఆ సందులో గోనె సంచులు కుక్కబాక. ముట్టించేటప్పుడు కిరసనాయిలు పోయబాక. కిటికీ మూయబాక. పక్కన బకెట్టుతో ఇసుక పెట్టుకో. నెలకోసారి గొట్టంలో మసి దులిపించాల, లేకుంటే ఆ మసే అంటుకుంటాది. బూడిద పూర్తిగా ఆరినాకే ఎత్తు, అది కూడా ఇనప తట్టలో."

కట్టెల పొయ్యి ముందు పుట్టి, దాని ముందే జడ వేసుకుని పెరిగిన దాన్ని నేను. నాకు నిప్పు సంగతి చెబుతున్నాడు. ఏడు బాకలు, అంటే ఏడు వద్దులు, లెక్కపెట్టాను అని రాద్దామనుకున్నాను కానీ, నిజానికి మూడే. మూడైనా మూడే కదా. మూడో రోజు ప్లాస్టిక్ బకెట్టులో బూడిద ఎత్తితే దాని అడుగు ఊడి నా పాదాల దగ్గర పడిన మాట నిజమే. అది నాసిరకం బకెట్టు.

మొదటిసారి ముట్టించింది పొద్దున ఆరింటికి. ఎండిన సరుగుడు కట్టెలు, కింద కొబ్బరి పీచు. ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంది. పొగ చెప్పినట్టు విని గొట్టంలోంచి వెళ్ళిపోయింది. మేస్త్రీ కాఫీ తాగి, పొయ్యిని ఒకసారి తట్టి, బండెక్కి పోయాడు.

పదకొండు దాటాక అన్నం పెట్టాను. ఎసరు కాగే లోపల పొయ్యి దగ్గింది. నిజంగానే మనిషి దగ్గినట్టే. ఒక ముద్ద పొగ పొయ్యి నోట్లోంచి వచ్చి నా ముఖానికి కొట్టింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి షెడ్డులో నా చెయ్యి నాకు కనబడలేదు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "పొగ రాని పొయ్యే కదా ఇది?" అని అడిగారు. ఇసుక పోసి ఆర్పాను. ఆ బకెట్టు పెట్టమన్నది మేస్త్రీయే. ఆ మాట ఆయనకు గుర్తుచేయవద్దని మా ఆయనకు చెప్పాను.

మేస్త్రీకి ఫోన్ చేశాను.

"కట్టెలు పచ్చివేమో అక్కా."

"నిరుటి కట్టెలయ్యా."

"రేపొచ్చి చూస్తా."

వచ్చాడు, పొద్దున ఆరింటికి. ఎండెక్కితే హైవే పక్కన ఇంకో పని ఉంటుంది, ఆయన వచ్చేది ఎప్పుడూ ఆ వేళకే. ముట్టించాడు. ఒక్క పోగు పొగ లోపలికి రాలేదు. పొయ్యి నన్ను అబద్ధాలకోరును చేసి, వినయంగా మండింది. ఆయన వెళ్ళిన ఐదు గంటలకు మళ్ళీ దగ్గింది. మళ్ళీ ఫోన్. మళ్ళీ మరుసటి రోజు ఆరింటికి రాక, మళ్ళీ అదే వినయం. మూడోసారి వచ్చినప్పుడు మేస్త్రీ నాతో మాట్లాడటం మానేసి మా ఆయనతో మాట్లాడాడు.

"పొయ్యికి ఏం లేదు సార్. అక్క ఊదేది ఎక్కువైంది."

మా ఆయన తలాడించారు. ఆ తలాడించడాన్ని కూడా నేను గుర్తుపెట్టుకున్నాను. మేస్త్రీ బండి శబ్దం దూరమయ్యాక ఆయన నెమ్మదిగా, "పోనీ పొద్దున్నే వండుకుంటే సరిపోదా?" అన్నారు. ఆ పూట ఆయనకు ఉప్మా పెట్టాను.

అసలు సంగతి చెప్పింది మాకు చేపలు వేసే ఆమె. వాళ్ళ ఇంటాయన వేటకు వెళతాడు, ఆమె గంప ఎత్తుకుని వీధులు తిరుగుతుంది. మధ్యాహ్నం వచ్చి, గంప దించి, షెడ్డులోంచి పొగ రావడం చూసింది. తర్వాత గోడ అవతలికి పోయి గొట్టాన్ని చూసింది. తిరిగొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎవరమ్మా కట్టింది? సముద్రానికి ఎదురుగా నోరు తెరిచి పెట్టినారే."

"అయితే?"

"అయితే ఏంది? పొద్దున పడమటి గాలి, పొగని అవతలికి తోస్తాది. పదకొండైతే సముద్రం గాలి తిరుగుతాది, గొట్టంలోకే దూరతాది. పడవోళ్ళని ఎవుర్నడిగినా చెప్పుంటారు గదా."

ఎవరినీ అడగలేదు. ఆగ్నేయాన్ని అడిగాం, రేకుని అడిగాం, గాలిని అడగలేదు. ఇంటి ముందు నిలబడితే సముద్రం హోరు వినపడుతుంది. మా ఆయనా, నేనూ ఈ ఊళ్ళోనే ముసలివాళ్ళమయ్యాం.

వెంటనే ఫోన్ చేశాను. మేస్త్రీ నవ్వాడు. "గాలికీ పొయ్యికీ ఏం సంబంధం అక్కా? చిల్లకూర్లో ఇట్టాంటివి ఎన్ని కట్టినా."

చిల్లకూరులో సముద్రం ఉందా? ఆ మనిషిని ఒక్కసారి పదకొండు దాటాక నా షెడ్డులో నిలబెట్టాలి. పని ఉందంటే రాడు. అందుకని భోజనానికి పిలిచాను. ఆయనకు ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కటే. వంజరం పులుసు అన్నాను. వస్తానన్నాడు.

ఫోన్ పెట్టేశాక గానీ నా కొంప నేనే ముంచుకున్నానని తెలియలేదు. ఆదివారం ఆడబిడ్డ వస్తుంది. మేస్త్రీ ముందర పొయ్యి పొగ కక్కాలి. ఆడబిడ్డ ముందర కక్కకూడదు. కక్కితే గ్యాసు పులుసు పోయి పొగ పులుసు అవుతుంది, ఇంకో నాలుగేళ్ళు అదే పేరు. మేస్త్రీని రావద్దని చెప్పవచ్చు. కానీ అక్క ఊదేది ఎక్కువైంది అన్న మాట అలాగే ఉండిపోతుంది. రెండింటిలో ఒకటి వదులుకోమన్నారు మా ఆయన. నేను ఏదీ వదులుకోలేదు. తెల్లవారగానే పులుసు కట్టెల మీద వండేసి దించుతాను. పన్నెండుకు ఆడబిడ్డ ముందు గదిలో తిని, ఫ్యాను కింద పడుకుంటుంది. మేస్త్రీని రెండింటికి రమ్మన్నాను.

ఆడబిడ్డ బస్సు ఆలస్యమైంది. మేస్త్రీకి ఆకలి ముందే అయింది. ఒంటిగంటకు ఇద్దరూ ఒకేసారి గేటు తీసుకుని లోపలికి వచ్చారు.

ఆడబిడ్డ చెప్పులు విడిచీ విడవకముందే వాసన పట్టింది. "కట్టెల పొయ్యి కట్టించినావంటనే. ఏదీ, చూపించు."

"అన్నం తిన్నాక చూద్దాంలే వదినా."

"తిన్నాక నిద్రొస్తాది. ముట్టించు మే, కళ్ళారా చూస్తా."

మేస్త్రీ మధ్యలో అందుకున్నాడు. "ముట్టించక్కా. పొగ రాని పొయ్యి, నేనే కట్టినా."

మా ఆయన నా వైపు చూశారు. కొబ్బరాకులు సముద్రం వైపు నుంచి ఇంటి వైపు ఊగుతున్నాయి. నేను అగ్గిపెట్టె తీసుకున్నాను. ఆ క్షణంలో నాకు ఆడబిడ్డ మీద కోపం ఎక్కువో మేస్త్రీ మీద ఎక్కువో తేల్చుకోలేకపోయాను. అగ్గిపుల్ల గీశాను.

పొయ్యి నా పరువు నిలబెట్టింది. అంటే, పొగ కక్కింది. ఎప్పటికంటే ఎక్కువ కక్కింది. మేస్త్రీ పొయ్యి నోట్లోకి వంగి చూస్తుండగా ముద్దగా వచ్చి ముఖానికి తగిలింది. దగ్గుతూ, తడుముకుంటూ బయటికి వచ్చి, తులసికోట పట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఊదానా?" అని అడిగాను. దగ్గే మనిషి జవాబు చెప్పలేడు కదా.

ఆడబిడ్డ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ అవతలికి వెళ్ళి చూసి వచ్చింది. నేను ఇసుక బకెట్టు అందుకున్నాను. ఆవిడ నా వైపు రాలేదు. మేస్త్రీ దగ్గరికి పోయింది.

"ఏం నాయనా, సముద్రం పక్కన తూరుపు గోడకి బొక్క పెడతారా ఎవరైనా? గొట్టం రేకు మీదికి ఎత్తి, ఇంటి కొప్పు కంటే పైకి పెట్టి, నెత్తిన టోపీ పెట్టాల. ఆ మాత్రం తెలవదా?"

మేస్త్రీ కళ్ళు తుడుచుకుని, రేపు మధ్యాహ్నం వచ్చి సరిచేస్తానన్నాడు. మధ్యాహ్నం అన్నాడు. నేను ఇంకోసారి చెప్పించుకున్నాను.

భోజనాల దగ్గర ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "నిన్నటి పులుసా?"

"కాదు వదినా. ఈ పొద్దు తెల్లారి వండిందే."

"నిన్నటి పులుసు మాదిరే ఉండాది" అని ఇంకా పోసుకుంది.

మా జిల్లాలో చేపల పులుసు మర్నాటికే బాగుంటుంది, అందుకని అది మెచ్చుకోలే అంటారు మా ఆయన. మిగిలిపోయింది పెట్టామని కూడా అర్థం వస్తుంది అంటాను నేను. దీని మీద మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

సోమవారం మేస్త్రీ పన్నెండింటికి వచ్చి రేకు కోసి, గొట్టాన్ని నిలువుగా కొప్పు పైదాకా ఎత్తి, రేకు టోపీ పెట్టి, సందుకు సిమెంటు పూశాడు. గోడ బొక్క మూసేశాడు. పొయ్యి ముట్టించాం. సముద్రం గాలి జోరుగా వస్తోంది. పొగ లోపలికి రాలేదు. మేస్త్రీ నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు.

"చూసినావా అక్కా? గొట్టం ఎత్తు పెట్టాలని మొదటే అనుకున్నా."

అనుకోలేదు. అనలేదు. నా దగ్గర మా ఆయన సాక్ష్యం ఉంది.

ఆయన వెళ్ళాక ఆడబిడ్డ పీట లాక్కుని పొయ్యి ముందు కూర్చుంది. తల ఎత్తి గొట్టాన్ని, దించి మంటను చూసింది. తర్వాత, ఈ పూట పులుసు నేను పెడతా మే, అంది.

"మీ ఇంట్లో రోజూ పెట్టేదే కదా వదినా."

"మా ఇంట్లో యాడుండాది పొయ్యి? పోయినేడు పగలగొట్టించేసినా. ఇన్నేళ్ళ పొగకి కళ్ళు పోతా ఉండాయి, మానెయ్యమన్నాడు డాక్టరు. ఇప్పుడు గ్యాసే." కట్టె ఒకటి ముందుకు తోసింది. "ఇట్టా గొట్టం పెట్టుకోవచ్చని అప్పుడు ఎవురూ చెప్పలా."

నేను పక్కకు జరిగి దాక ఇచ్చాను. ఉల్లిపాయలు తరిగిచ్చాను. ఆవిడ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి మరీ ఉప్పు వేసింది. సాంబారు పొడి అడుగుతుందేమోనని కాచుకుని కూర్చున్నాను. అడగలేదు.

ముగ్గురం తిన్నాం. పులుసు బాగుంది. నా పులుసంత బాగుంది. ఆవిడ నా ముఖం వైపే చూస్తోంది. నాలుగేళ్ళుగా నాలుక మీద పెట్టుకున్న మాట. మా ఆయన కంచంలోకి తల వంచేసుకున్నారు. అంత మంచి పులుసు నోట్లో ఉండగా కూడా నేను ఆగలేదు.

"బాగుంది వదినా. గ్యాసు మీద వండే చేతికి ఇంతకంటే ఏం కావాలి."

మా ఆయనకు మళ్ళీ పొలమారింది. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని పడీపడీ నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఎవరన్నారు మే ఆ మాట? బలే ఉండాది."

నేను ఇంకొంచెం పులుసు పోసుకున్నాను.