సిరిల్ బండికి ఒకటే సీటు

మా ఆయన సిరిల్ ఇంగ్లండ్‌లోని కెటరింగ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసే పని చేస్తాడు. పదిహేనో ఏట చేరాడు, ఇప్పుడు ముప్ఫై తొమ్మిది. తోలు మీద చెయ్యి పెట్టి ఎక్కడ మచ్చ ఉందో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడని వాళ్ళ ఫోర్‌మన్ నాతో రెండుసార్లు అన్నాడు. ఇంట్లో మాత్రం కళ్ళు తెరుచుకునే ఉన్నా ఎదురుగా ఉన్న మనిషి కనపడదు.

మా అమ్మాయి హేజెల్ పోయిన సెప్టెంబరులో చనిపోయింది. ఏడేళ్ళు. మెదడువాపు జ్వరం, మూడంటే మూడు రోజులు. ఐదు మైళ్ళ అవతల తన సొంతూరి చర్చి దగ్గర, తన తల్లి సమాధి పక్కన పెడదామని పట్టుబట్టింది సిరిలే. ఆదివారాలు అటు బస్సు లేదు కదా అంటే, "బండి ఉందిగా ఐవీ" అన్నాడు. ఐదొందల సీసీ పాత మోటార్‌సైకిల్, దానికి ఎడమ పక్కన ఒక చక్రంతో సైడ్‌కార్ తొట్టి. పన్నెండేళ్ళుగా మేం ఎక్కడికి వెళ్ళినా దాని మీదే. సైడ్‌కార్‌లో నేను, నా ఒళ్ళో హేజెల్.

మట్టి వేసిన రోజు తర్వాత అతను మళ్ళీ ఆ చర్చి గేటు దాటలేదు. అక్టోబరులో నన్ను నాలుగుసార్లు తీసుకెళ్ళాడు, నాలుగుసార్లూ రోడ్డు మీదే ఉండిపోయాడు. నవంబరులో ఒక శనివారం నేను మాంసం కొట్టు నుంచి వచ్చేసరికి సైడ్‌కార్ ఊడి, పెరటి గోడకు ఆనించి ఉంది. సిరిల్ బండి ముందు చతికిలబడి, సైడ్‌కార్‌ని పట్టి ఉంచే ఇనుప కొక్కేలను రంపంతో కోసేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"కెఫే రేసర్ కడుతున్నా."

"అంటే?"

"మెయిన్ రోడ్డు కెఫే ముందు కుర్రాళ్ళ బళ్ళు చూళ్ళేదూ? అలాంటిది. బరువంతా తీసెయ్యడం, హ్యాండిల్ కిందికి దించడం, కాళ్ళు పెట్టుకునేవి వెనక్కి జరపడం. గంటకి వంద మైళ్ళు కొడుతుంది."

"వంద మైళ్ళ స్పీడుతో ఎక్కడికెళ్తావ్?"

రంపం కరకరమంటూనే ఉంది.

"మరి ఆదివారం నేనెలా వెళ్ళను?"

"మూడు వారాల్లో అయిపోతుందిలే."

ఆ మూడు వారాలు ఐదు నెలలయ్యాయి. నేను వాన లేని ఆదివారం నడిచి వెళ్ళాను, వాన ఉన్న ఆదివారం కిటికీ దగ్గర కూర్చున్నాను. క్రిస్మస్ తర్వాత మంచు పడి రెండు నెలలపాటు దారే కనపడలేదు. ఆ రెండు నెలలూ బండి ముక్కలు ముక్కలై నా వంటింట్లోకి చేరింది. గిన్నెలు కడిగే తొట్టిలో కార్బురేటర్. బల్ల మీద గేర్లు. రొట్టె కోసే పలక మీద అతను అల్యూమినియం రేకు అరగదీస్తుంటే, నేను బంగాళాదుంపలు ఒళ్ళో పెట్టుకుని తొక్క తీసేదాన్ని.

ఒక ఆదివారం మాంసం ఓవెన్‌లో పెడదామని తలుపు తీశాను. లోపల ఇంజిన్ డొల్ల.

"సిరిల్!"

"తియ్యకు, తియ్యకు! అది వేడెక్కితే కానీ బేరింగ్ దిగదు."

"మరి మాంసం ఎప్పుడు దిగేది?"

"ఒక్క పావుగంట."

పావుగంట గంటన్నర అయింది. ఆ రోజు మాంసంతో తినే పిండి పుడ్డింగ్ పొంగలేదు, మాంసం ఇంజిన్ ఆయిల్ వాసన కొట్టింది. అతను నిండా గ్రేవీ పోసుకుని, ఒక్క మాట అనకుండా తిన్నాడు. బాగోలేదని అన్నా బాగుండేది. ఇల్లంతా తుడిచి తుడిచి నా వేళ్ళ సందుల్లో నలుపు పట్టింది, సబ్బుకీ వదల్లేదు. అతని పేరు పెట్టి పిలిస్తే "ఊఁ" అంటాడు. హేజెల్ పేరెత్తితే స్పానర్ పట్టుకుని పెరట్లోకి పోతాడు.

మార్చిలో సీటు తయారైంది. ఫ్యాక్టరీలో మిగిలిన నల్లతోలు తెచ్చి తనే కోసి, తనే కుట్టాడు. నిజం చెప్పాలి, అంత అందమైన కుట్టు నేను చూళ్ళేదు. వెనక చివర చిన్న మూపురం. తెచ్చి నా చేతుల్లో పెట్టి, నా ముఖంలోకి చూశాడు. ఎన్ని నెలలకో.

"నేనెక్కడ కూర్చోను?" అన్నాను.

"దీనికి రెండో సీటు ఉండదు ఐవీ. ఉంటే అది కెఫే రేసరే కాదు."

"అయితే సైడ్‌కార్ మళ్ళీ బిగించు."

"కొక్కేలు కోసేశాను కదా. పైగా అది మిసెస్ టెబ్బట్‌కి ఇచ్చేశా, కోళ్ళకి."

పక్కింటి మిసెస్ టెబ్బట్ ఆ సాయంత్రమే గోడ మీంచి మూడు గుడ్లు అందించింది. "మీ సైడ్‌కార్ గుడ్లే తల్లీ! నా పెట్టలు దానికి తెగ అలవాటుపడిపోయాయి" అంది. ఆవిడ తప్పేం లేదు. ఆ గుడ్లు నేను వండలేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం బండి బయటికొచ్చింది. కెఫే కుర్రాళ్ళిద్దరు చూడ్డానికి వచ్చారు. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లో నిలబడ్డారు. సిరిల్ దాని మీద బోర్లా పడుకున్నట్టు కూర్చుని, వీధి చివరికి వెళ్ళి తిరిగొచ్చాడు. చప్పుడు మాత్రం ఘనంగా ఉంది. సరిగ్గా మా గుమ్మం ముందు ఆపాడు. ఆపి, అలాగే కూర్చున్నాడు. కాలు కింద పెట్టలేదు. సైడ్‌కార్ బండి ఆగితే తనే నిలబడుతుంది, పన్నెండేళ్ళుగా అతను ఎక్కడా కాలు దించింది లేదు. కొట్టేసిన చెట్టులా ఎడమ పక్కకి దబ్బున పడ్డాడు, మీద బండి.

"తాతా, మూడో చక్రం ఇంట్లో మర్చిపోయావా?" అన్నాడు ఒక కుర్రాడు.

"ఐవీ, ఆయన్ని తీసుకెళ్ళి మంచమెక్కించు. అదైతే ఆగినా పడిపోదు!" అంది మిసెస్ టెబ్బట్.

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, రెండూ మింగేశాను. కుర్రాళ్ళు బండి లేపారు. చీరుకుపోయిన అతని మోకాలికి మందు రాసి కట్టు కడుతూ అడిగాను.

"రేపు చర్చికి వస్తావా?"

"చూద్దాం."

ఆదివారం భోజనమయ్యాక డాఫొడిల్ పువ్వులు తీసుకుని నేను నడక మొదలుపెట్టాను. ఇక చెప్పి లాభం లేదనుకున్నాను. మైలు దాటాక వెనక ఆ చప్పుడు వినపడింది. పక్కకొచ్చి నాతోపాటు నడపబోయాడు. బండి కుదరనంది. స్పీడు కోసం పళ్ళచక్రం మార్చాడట, అది ఊరికే ఎగిరెగిరి పడుతోంది.

"కొంచెం గబగబా నడువు ఐవీ."

"నువ్వు కొంచెం మెల్లగా తోలు."

"ఇది మెల్లగా పోదు."

"నేను గబగబా పోలేను."

సర్రున ముందుకెళ్ళి మలుపు దగ్గర ఆగాడు. ఈసారి కాలు దించాడు. నేను అతన్ని దాటుకుంటూ పోయాను, తల తిప్పలేదు. మళ్ళీ వెనక నుంచి వచ్చి, కాసేపు నా పక్కన ఎగిరెగిరి, మళ్ళీ ముందుకెళ్ళాడు. ఇలా నాలుగుసార్లు. ఐదోసారి నేను వెళ్ళేసరికి కాలిన వాసన, బండి కింద పొగ. క్లచ్ మాడిపోయింది.

"అయిపోయింది" అన్నాడు.

"మంచిది" అన్నాను.

బరువు తగ్గించడానికి స్టాండు కూడా తీసేశాడు, దాన్ని నిలబెట్టే దారి లేదు. ఒక రైతు కంచెకి ఆనించి, కొత్త హెల్మెట్ చేత్తో పట్టుకుని నా వెనకాలే కుంటుకుంటూ వచ్చాడు. రెండు మైళ్ళు. నేను ఆగలేదు, అతను ఆగమనలేదు.

చర్చి గేటు దగ్గర మాత్రం ఆగిపోయాడు. "నేను బండి..." అని మొదలుపెట్టి, వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డు చూశాడు. చూసుకోవడానికి బండి లేదు. నేను గేటు తెరిచి పట్టుకున్నాను. చాలాసేపే పట్టుకున్నాను, చెయ్యి నొప్పెట్టింది. చివరికి లోపలికొచ్చాడు.

వాళ్ళమ్మ సమాధి రాయి పక్కన ఆగి కిందికి చూశాడు. మంచు కరిగాక హేజెల్ మీద వేసిన మట్టి జానెడు లోతు కుంగిపోయింది, మధ్యలో నీళ్ళు నిలిచాయి.

"ఇంత దిగబడిపోయిందని నాకెందుకు చెప్పలేదు?"

"మంచు కరిగినప్పటి నుంచీ ప్రతి ఆదివారం చెప్పాను సిరిల్. నువ్వు రంపం ఆపలేదు."

అతను గోడ వారన కుప్పపోసిన మట్టి దగ్గరికి వెళ్ళి, హెల్మెట్ నిండా తెచ్చి గుంటలో పోసి, అరచేత్తో అదిమాడు. మోకాలి కట్టు విడిపోయి రక్తం కారుతోంది. "హేజెల్" అన్నాడు, మట్టితోనే అన్నట్టు.

నాకు అతని మీద కోపం పోలేదు.

"ఇంకా మట్టి పడుతుంది" అన్నాను.

హెల్మెట్ తీసుకుని మళ్ళీ వెళ్ళాడు.