గది కోసం ఒక్క నిమిషం

మా బావ, అంటే మా అక్క మొగుడు, సినిమాలకి శబ్దం రికార్డు చేస్తాడు. ముప్పై ఏళ్లుగా షూటింగుల్లో అందరి విసుక్కోడాలూ భరిస్తున్నాడు. సీను అయిపోయి జనం సామాను సర్దుకోబోతుంటే, "ఒక్క నిమిషం ఎవరూ కదలకండి, గది చప్పుడు తీసుకోవాలి" అంటాడు. ఎవరూ మాట్లాడని గదికీ ఓ చప్పుడుంటుంది. నేను ఎడిటర్‌ని. కోసి అతికించిన చోట ఆ చప్పుడు పరిస్తేనే అతుకు తెలియదు. లేకపోతే ఉన్నట్టుండి చెవులు మూసుకుపోయినట్టుంటుంది.

పోయినేడాది ఓ కొత్త దర్శకురాలి మొదటి సినిమాకి ఇద్దరం పనిచేశాం. ఓ అద్దె ఇంట్లో షూటింగు. ఆఖరి రోజు బావ నిమిషం అడిగితే, "టైము లేదు సార్, తర్వాత చూసుకుందాం" అందట ఆ అమ్మాయి. ఇంకెప్పుడైనా అయితే పట్టుబట్టేవాడే. ఆ రోజు మారుమాట్లాడకుండా వైర్లు చుట్టేసుకున్నాడు.

సినిమాకి ప్రాణం ఆ రోజు తీసిన సీనే. "నన్ను క్షమించావా నాన్నా?" అని కూతురు అడుగుతుంది. తండ్రి చాలాసేపు మాట్లాడడు. ఆ మౌనం పొడుగునా వెనక ఎవరిదో దగ్గు పడింది. దగ్గు తీసేస్తే అక్కడ గొయ్యి. పూడ్చాలంటే ఆ గది చప్పుడే కావాలి. ఇంటివాళ్లేమో అప్పటికే గోడలు పగలగొట్టించేశారు. వేరే గదులవి వేసి చూశాను, ఒక్కటీ కుదిరి చావలేదు. చివరికి మౌనాన్నే కత్తిరించాను. కూతురు అడగడమే ఆలస్యం, తండ్రి క్షమించేశాడు. ఆ అమ్మాయి నా వెనక కుర్చీలో కూర్చుని ఏడ్చింది.

నేను బావ మీద మండిపడ్డాను. "గొడవపడైనా తీసుకోవచ్చుగా!"

"అడిగి అడిగి అలిసిపోయాన్రా" అన్నాడు.

నేనూ అలిసిపోయే ఉన్నాను. కొత్త దర్శకులు సలహాకని వస్తారు, లెన్సుల గురించి అడుగుతారు. నేను ఈ నిమిషం గురించి చెబుతాను. తలూపేసి వెళ్లిపోతారు.

మొన్న ఆ అమ్మాయి రెండో సినిమా మొదలైంది. నన్నూ రమ్మంది. మొదటి సీను అయింది. బావ మెషిన్ ఆపి, నిమిషం అడగడానికి మోకాళ్లు పట్టుకుని లేవబోయాడు. అంతలో ఆ అమ్మాయే గొంతెత్తింది.

"ఎవరూ కదలొద్దు. సార్‌కి ఒక్క నిమిషం కావాలి."

నలభై మంది ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు, నిచ్చెన మీదున్న లైట్‌మ్యాన్‌తో సహా. బావ హెడ్‌ఫోన్సు రెండు చేతులతో అదుముకుని కళ్లు మూసుకున్నాడు. అడక్కుండా ఆయనకి నిమిషం దొరకడం అదే మొదలు.

కళ్లు తెరిచి మెషిన్ వైపు చూసి నాలిక్కరుచుకున్నాడు. రికార్డు బటన్ నొక్కనేలేదు.

"అమ్మా..." అన్నాడు. "వింటూ కూర్చుండిపోయాను. ఇంకొక్క నిమిషం..."

"తీసుకోండి సార్" అంది.

నిచ్చెన మీదాయన గట్టిగా నిట్టూర్చాడు గానీ, కదల్లేదు.