అప్పుడు నీ చేతిల ఏముండె?

కోర్టుకు వెళ్లేముందు భూపాలపల్లి బస్టాండు ఎదుటి హోటల్లో ఒక చాయ్ తాగడం నాకు అలవాటు. మొన్న గ్లాసు అందుకున్నానో లేదో దూరం నుంచి డప్పులు వినిపించాయి. పెళ్లి డప్పు కాదు, చావు డప్పు. ఆ దరువుల తేడా మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాడె ఇంకా మలుపు తిరగనేలేదు, దుకాణాల షట్టర్లు ఒకదాని వెనక ఒకటి గరగరమంటూ దిగిపోయాయి. శవం ముందు నుంచి పోతుంటే దుకాణం తెరిచి ఉంచకూడదని పట్టింపు. మోకాలి ఎత్తుదాకా దించి, లోపలి వైపు తిరిగి కూర్చుంటారు. పాడె దాటిపోగానే మళ్లీ ఎత్తుతారు. హోటల్లో అందరూ పోయిన మనిషి ఎవరా అని తొంగి చూస్తుంటే నేను మాత్రం ఆ షట్టర్లనే చూస్తూ నిలబడ్డాను. చాయ్ చల్లారిపోయింది. ఈ రోగం నాకు అంటించిన మనిషి యాదగిరి సారు.

ఆయన మహబూబాబాద్‌లో వకీలు. ఇప్పుడు జిల్లా కేంద్రమైన ఆ ఊరు అప్పట్లో మాకు ఒట్టి మానుకోట. హత్య కేసు అంటే రైలెక్కి వరంగల్ కోర్టుకు పోవాల్సిందే. నేను మరిపెడ దగ్గరి తండాలో పుట్టినదాన్ని. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు, లా కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకుని, మా తండాలో అందరికంటే ముందు నల్లకోటు వేసుకున్నది నేనే. అందుకని ఆయన ముందు జూనియర్‌గా నిలబడేనాటికి నాకు పొగరు తక్కువేమీ లేదు. సారు పొట్టి మనిషి, గొంతు కూడా చిన్నదే. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు ఉండేది. దాన్ని విప్పగా నేను చూసింది తక్కువ. బజారులో దేన్నయినా చూపించడానికి, సందు వెడల్పు కొలవడానికి, మాట వినని జూనియర్ భుజం మీద తట్టడానికి అది ఆయనకు పనికొచ్చేది.

మొదటిరోజు లావుపాటి చట్టం పుస్తకం ఏదో చేతికిస్తారనుకున్నాను. "పో బిడ్డా, మార్కెట్ రోడ్డు మీద గంటసేపు నిలబడి రా. ఏం చూసినవో వచ్చి చెప్పు" అన్నారు. ఇదేం పరీక్ష అనుకుంటూ పోయాను, వచ్చాను, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మిర్చి బస్తాల బండ్లు, ఆ ఘాటుకు తుమ్ముకుంటూ పోయే జనం, చెట్టుకు అద్దం తగిలించి గడ్డం గీసే మంగలాయన, రైల్వే స్టేషన్‌కు రమ్మని కేకలేసే ఆటోవాళ్లు, మూలమీద ఎర్ర తువ్వాలు వేసుకుని చాయ్ పోసే ముసలాయన. సారు అంతా విని, లేచి, గొడుగు తీసుకుని నన్ను వెంటబెట్టుకుపోయారు. మూలమీది చాయ్ కొట్టుకు తాళం వేసి ఉంది. ముసలాయన ముందురోజే ఎవరి పెళ్లికో జనగామ వెళ్లాడట. కాలేజీ సెలవులకు వచ్చినప్పుడల్లా నేను ఆ మూలమీదే బస్సు దిగి ఆయన దగ్గరే చాయ్ తాగేదాన్ని. నాకు తల తీసేసినట్టయింది.

"నువ్వు అబద్ధం చెప్పలే బిడ్డా," అన్నారు సారు. "ఎప్పుడు ఉండెటోడు ఇయ్యాల గూడ ఉన్నడనుకున్నవ్. గుర్తున్నది వేరు, చూసింది వేరు. మనుషులు గీడనే పరేషాన్ అయితరు."

ఆ మరుసటి ఎండాకాలంలో హరియా కేసు వచ్చింది. మార్కెట్ వెనక సందులో ఒక మిర్చి దళారిని ఎవరో కత్తితో పొడిచి చంపారు. పట్టపగలు. సరిగ్గా ఆ సమయంలో మార్కెట్ రోడ్డు మీదుగా ఒక శవయాత్ర పోతోంది. డప్పుల మోతలో ఆ దళారి అరుపు ఎవరికీ వినపడలేదు. పాడె దాటిపోయాక ఎవరో సందులోకి వెళ్లి, పడి ఉన్న మనిషిని చూసి కేకలు పెట్టారు. అంతకు ముందురోజే ఆ దళారి హరియా అనే హమాలీని పదిమందిలో చెంపమీద కొట్టాడు. ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా హరియాను పట్టుకున్నారు. వారం గడిచేసరికి ముగ్గురు దుకాణదారులు సాక్ష్యానికి ముందుకొచ్చారు. డప్పులు పోతుండగా హరియా సందులోంచి ఉరికి రావడం తమ కళ్లతో చూశామన్నారు. వారిలో పెద్దమనిషి బట్టల దుకాణం సోమయ్య సేటు. ఆయన మాటంటే బజారంతటికీ విలువ. శిక్ష పడితే యావజ్జీవం. హరియాకు అప్పటికి ఏడాది నిండని ఆడపిల్ల ఉంది.

హరియా మా పక్క తండావాడు. "వాడు చేసి ఉండడు సార్" అన్నాను. "నీ తండోడని నమ్ముతున్నవా, ఏమన్న చూసినవా?" అని అడిగారు సారు. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులో మా భాష మాట్లాడితే ఎగాదిగా చూసే ఊళ్లో మా బాధ ఈయనకేం తెలుసు అనుకున్నాను. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

జైల్లో హరియా మాకు చెప్పింది ఒక్కటే. డప్పులు వస్తుంటే తోపుడు బండి పక్కకు తీసి ఇస్త్రీ ఎల్లవ్వ దగ్గర నిలబడ్డాడట. ఎల్లవ్వ సోమయ్య సేటు దుకాణం ముందే బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసేది. హత్య జరిగిన కొద్దిరోజులకే, కొన్నాళ్లు ఉండి వద్దామని బండి ఎత్తేసి లింగాల ఘనపూర్‌లో ఉన్న కూతురింటికి వెళ్లిపోయింది. సారు ముందు నన్నే పంపారు. నేను నోట్‌బుక్ తెరిచి, టైం ఎంతయింది, ఎంత దూరంలో ఉన్నావు, ఏ దిక్కు చూస్తున్నావు అని దబాయించినట్టే అడిగాను. "నాకేమెరుక బిడ్డా, నేనేమన్న సదువుకున్ననా?" అని ఆమె బియ్యం చెరగడం ఆపలేదు, తలా ఎత్తలేదు. తిరిగొచ్చి, ఆమె మనకు పనికిరాదని సారుకు తేల్చి చెప్పేశాను.

రెండురోజుల తరువాత ఇద్దరం రైల్లో జనగామ దాకా, అక్కడి నుంచి బస్సులో లింగాల ఘనపూర్ వెళ్లాం. సారు ఎల్లవ్వ ఎదురుగా నేలమీదే కూర్చున్నారు. మంచినీళ్లు అడిగి తాగారు. గొడుగు ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగారు.

"డప్పులు వినబడ్డప్పుడు నీ చేతిల ఏముండె ఎల్లవ్వా?"

చాట పట్టుకున్న చేయి ఆగిపోయింది. ఆమె కుడిచేయి పిడికిలి దానంతటదే బిగుసుకుంది, ఇస్త్రీ పెట్టె పట్టుకున్నట్టు.

"పెట్టె ఉండె. సేటు ధోతి ఇస్త్రీ చేస్తున్న. అందరు షట్టర్లు దించిర్రు. నాకేం షట్టర్ ఉంటది? అట్లనే నిలబడ్డ. హరియా బండి తెచ్చి నా బండికి తాకిచ్చిండు. పెట్టెల బొగ్గులు కిందవడ్డయి, ఒకటి ధోతి మీద వడి కాలింది. కండ్లు కనబడ్తలేవా అని తిట్టిన. వాడు తలగుడ్డ తీసి, పాడె పోయేదాక కదలకుండ నిలబడ్డడు. గప్పుడు వంగి రేకుముక్కతోని బొగ్గులేరిండు. ఇంతల సేటు షట్టర్ లేపి బయటికొచ్చె. ధోతి చూసి నన్ను తిట్టుడు వెట్టె."

నేను నోట్‌బుక్‌లో రాయడం మరిచిపోయాను. "మరి పోలీసులకు ఎందుకు చెప్పలే అవ్వా?" అన్నాను.

"అడిగితె గదా! వచ్చినోళ్లు దుకాణాలల్లకు పోయిర్రు. నా బండి పక్కకెల్లే పోయిర్రు, నన్ను చూడనన్న చూడలే. ఇప్పుడు చెప్తె సేటు మాట కాదన్నట్టయితది. ఆ బజార్ల ఇగ నాకు ఒక్క చీరన్న ఇస్తరా?"

సారు ఆమెను బతిమిలాడలేదు, భయపెట్టనూ లేదు. "హరియా మంచోడని చెప్పకు. సేటు చెడ్డోడని చెప్పకు. నువ్వు చూసింది చెప్పు, చాలు" అన్నారు.

"మంచోడేంది? నా బొగ్గులన్ని పాడు జేసిండు," అంది ఎల్లవ్వ. కాసేపు బియ్యంలోకి చూసి, చాట పక్కన పెట్టి, "ఎప్పుడు రావాలె?" అని అడిగింది.

వరంగల్ కోర్టులో సోమయ్య సేటు బోనెక్కిన రోజు నేను సారు వెనకే కూర్చున్నాను. ఆయన ఇక గర్జిస్తారని ఎదురుచూశాను. అదే చిన్న గొంతుతో, దుకాణంలో కూర్చుని ముచ్చట పెట్టినట్టు మొదలుపెట్టారు.

"సేటూ, డప్పులు వస్తుంటె షట్టర్ దించినవా?"

సేటుకు కోపం వచ్చింది. "దించకపోతె ఎట్ల సారు? మా తాతల కాన్నుంచి శవం పోతుంటె దించని రోజు లేదు."

"నువ్వొక్కనివేనా?"

"బజారంత దించింది." సేటు గొంతులో గర్వం. సారు తన ఆచారాన్ని అనుమానిస్తున్నారని అనుకున్నాడు పాపం.

"మళ్ల ఎప్పుడు లేపినవ్?"

"పాడె దాటినంక."

"బయటికి రాంగనే ఏం చూసినవ్?"

"నా ధోతి కాలి ఉండె. ఎల్లవ్వను తిట్టిన. పక్కన ఎవడో హమాలీ వంగి బొగ్గులేరుతుండె. మొఖం చూడలే."

ఆ మాట అని సేటు ఆగిపోయాడు. డప్పులు మోగినంతసేపూ తాను మోకాలి ఎత్తు షట్టర్ వెనక కూర్చున్నానని ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది. సందులోంచి ఉరికొచ్చే మనిషి మొఖం అక్కడి నుంచి ఎవరికి కనపడుతుంది? చూడని హరియాను చూశానని ప్రమాణం చేశాడు. అడుగు దూరంలో వంగి ఉన్న హరియాను గుర్తుపట్టనేలేదు. మంచినీళ్లు అడిగాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. సారు మాత్రం తల వంచుకుని కూర్చున్నారు.

తరువాత ఎల్లవ్వ వంతు. ఆ బొగ్గులు ఏరింది హరియాయేనని ఆమె చెప్పగానే ప్రభుత్వ వకీలు, "అప్పుడు టైం ఎంత?" అని గద్దించారు. "నాకు గడియారం లేదు సారు, చేతిల ఇస్త్రీ పెట్టె ఉండె" అని పిడికిలి బిగించి చూపించింది. నవ్వబోయినవాళ్లు కూడా ఆ చేయి చూసి ఊరుకున్నారు. బజారంతా షట్టర్లు దించిందన్న సేటు మాటతోనే మిగతా ఇద్దరి సాక్ష్యమూ కూలిపోయింది. హరియా విడుదలయ్యాడు.

తిరుగు రైల్లో నా కాళ్లు నేలమీద లేవు. "సేటు ఎంత అబద్ధాలకోరు సార్!" అన్నాను. సారు నా వైపు తిరిగారు. "కాదు బిడ్డా. ముందురోజు కొట్టిన దెబ్బ అందరు చూసిర్రు. సాయంత్రం చాయ్ కాడ ఒకడు హరియానే అన్నడు. తెల్లారి పదిమంది అన్నరు. వారం దినాలకు అది సేటు కండ్లల్లకు ఎక్కింది. నువ్వు గూడ ఆ ఎర్ర తువ్వాలు ముసలాయనను చూసినవ్ గదా!" మళ్లీ కిటికీలోంచి చూస్తూ, "ఒకన్ని ఇంటికి తోలినం. సచ్చినాయన ఇంటికి పోయి ఏం జెప్తం?" అన్నారు. ఆ దళారిని చంపింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. సారుకు ఆ బాధ చివరిదాకా ఉంది. నేను తరువాత పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా మారడానికి కారణం ఆ రైల్లో ఆయన అన్న ఆ మాటే.

ఎల్లవ్వ మళ్లీ మానుకోట బజారులో బండి పెట్టలేదు. లింగాల ఘనపూర్‌లోనే పెట్టుకుని బతికింది. సోమయ్య సేటు సారుతో మాట్లాడటం మానేశాడు. బజారు పరువు తీశాడని కోపం. ఎదురుపడితే మొఖం తిప్పుకునేవాడు. సారు ప్రతిసారీ గొడుగు కొంచెం ఎత్తి నమస్కారం పెట్టేవారు, సేటు ప్రతిసారీ చూడనట్టే పోయేవాడు. ఏళ్లపాటు ఇదే తంతు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఫోన్ల లెక్కలుంటాయి, కెమెరాల బొమ్మలుంటాయి. కుర్ర పోలీసులు నిమిషాలతో సహా రాసుకొస్తారు. అవి వద్దనను. కానీ సాక్షి ఎదురుగా కూర్చున్నప్పుడు నేను మొదట అడిగేది సారు ప్రశ్నే. నీ చేతిల ఏముండె? పాలచెంబు అనో, బిడ్డ చేయి అనో చెబుతారు. ఆ తరువాత వాళ్ల కళ్లు నిజంగా ఎటు చూశాయో వాళ్లకే గుర్తొస్తుంది. ఏమీ గుర్తు రాకపోతే అదీ రాసుకుంటాను. దానివల్ల కొన్ని కేసులు ఓడిపోయాను. నాకేం సిగ్గు లేదు.

సారు పోయినప్పుడు, ఇంటి నుంచి పాడె లేస్తుంటే ఆయన భార్య గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పట్టుకో బిడ్డా. ఇది లేకుంట ఆయన బజార్ల నడవలే" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే పాడె వెంట మార్కెట్ రోడ్డులోకి మలుపు తిరిగాను. డప్పులు వినగానే షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. బట్టల దుకాణం దగ్గర సోమయ్య సేటు కొడుకు షట్టర్ మీద చేయి వేశాడు. నడుము వంగిపోయిన సేటు ఆ చేయి పక్కకు తోసి, మెట్టు దిగి రోడ్డు మీదికి వచ్చాడు. నెత్తిమీది టోపీ తీసి, చేతులు జోడించి, పాడె దాటేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆయన వెనక దుకాణం బార్లా తెరిచే ఉంది.

ఈ సంగతి చెబితే ఆ బజారులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. సేటు అలాంటి పని చేయడు మేడం, ఆ రోజు కూడా దించే ఉంటాడు, మీకు సరిగ్గా గుర్తులేదు అంటారు. అలా అనేవాళ్లంతా అప్పుడు షట్టర్ల వెనక ఉన్నారు. నేను రోడ్డు మీద ఉన్నాను. నా చేతిలో సారు గొడుగు ఉంది.