బిడ్డను చూపించమని అడిగినందుకు

మా అక్క పోయింది. చిక్కుడు తోటలో కాయ కోస్తా కోస్తా గుండె పట్టుకుని కూలబడిందంట. మారండహళ్ళి ఆస్పత్రికి తీసుకుపోయేలోపలే ప్రాణం పోయింది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు, మా బావ భార్య. సావుకు వచ్చిన ఆడోళ్ళు ఏడ్చినారు. ఏడ్చినాక కండ్లు తుడుచుకుని ఒక మాట అన్నారు: "మంచి మనిషే, కోపమే ఎక్కువ." ఆ మాట ఒకరు కాదు, వచ్చినోళ్ళంతా అన్నారు. అప్పటి నుంచి నా కడుపు మండిపోతా ఉంది. ఆ కోపం ఎక్కడ పుట్టిందో వాళ్ళు ఎప్పుడూ అడగలేదు. మీకైనా చెప్పాల.

ధర్మపురి టౌనులో ఒక ఆస్పత్రిలో ఆమెకు తొలి కాన్పు. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీసినారు. బిడ్డకు ఊపిరి సరిగా ఆడలేదని మేడమీద అద్దాల గదికి తీసుకుపోయినారు. అక్కకు చూపించలేదు. బావ చూసినాడు, మా అత్త చూసింది, బావతో పనికి పోయే మేస్త్రీ కూడా ఫోన్లో ఫోటో చూసినాడు. కన్న మనిషి మాత్రం కింది వార్డులో పడి ఉండింది. పక్క మంచాల్లో పసిబిడ్డలు ఏడ్చినప్పుడల్లా ఆమెకు పాలు కారి రవిక తడిసేది. లేచిపోయి బాత్‌రూములో పిండి పారబోసేది.

ఒకసారి కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, గోడ పట్టుకుని, మెట్లెక్కి పోయింది. వాకిట్లో నర్సు ఆపింది.

"ఎవరమ్మా నువ్వు?"

"లోపల ఉండేది నా బిడ్డ."

"ఇప్పుడు టైము కాదు. కుట్లు పిగిలితే ఎవరు జవాబు చెప్పేది? పోయి పడుకో."

ఆమె మళ్ళీ ఆ మెట్లన్నీ దిగి వచ్చింది. మా అత్త అన్నదేమి? "కోసి తీసినారు. నొప్పులు పడిందానివా, ఇంత ఆత్రం దేనికి?"

బిడ్డకు వైద్యం వద్దని అక్క ఎప్పుడూ అనలేదు. "బిడ్డకు ఊపిరాడలేదు, సరే. నాకు ఆడిందా అని ఎవరైనా అడిగినారా?" అనేది.

ఎన్నో రోజులకు బిడ్డను చేతికిచ్చినారు. సీసాకు అలవాటు పడిన బిడ్డ రొమ్ము పట్టలేదు. "తల్లివేనా నువ్వు, పాలివ్వడం కూడా రాదా?" అని అరిచినారంట. అన్ని రోజులూ దూరం పెట్టినోళ్ళే! చాలా ఏండ్ల తర్వాత, టమేటా ఏరుతా ఉన్నప్పుడు, అక్క తల ఎత్తకుండా నాతో చెప్పింది: "పాపను ఇచ్చినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఎవరి బిడ్డనో మోస్తా ఉన్నట్టు ఉండింది. ఇది నాదేనా అని అడగాలనిపించింది. ఆ పాపం నాదా, చెప్పు?"

ఆమె గంప ఎత్తుకుని పక్క సాలుకు పోయింది.

ఆ పాపకు ఇప్పుడు పన్నెండేండ్లు. స్కూలు నుంచి వస్తానే అక్క దాన్ని దగ్గరికి లాక్కుని తల వాసన చూసేది. "వదులుమా" అని అది సిగ్గుతో తోసేసేది. ఊళ్ళో ఎవరింట్లో కాన్పయినా అందరూ మగా, ఆడా అని అడుగుతారు. అక్క ఒకటే అడిగేది: "తల్లికి చూపించినారా?"

నాకూ ఆపరేషనే అయింది. నా బిడ్డకు ఏ జబ్బూ లేదు. అయినా తుడిచి, చుట్టి, ఎక్కడికో తీసుకుపోయినారు. అక్క ఆ గది వాకిలికి పోయి నిలబడింది. నర్సుతో అరవంలో ఆమె ఆడిన మాటలు, అక్కడే ఉండిన మా అమ్మ తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పింది.

"బిడ్డకేమైనా జబ్బా?"

"లేదు. ఇక్కడ రూలు అంతే."

"అయితే తల్లి పక్కన పడుకోబెట్టండి."

"ఆమె మత్తులో ఉంది."

"మత్తు నడుము కిందికి. కండ్లకు కాదు కదా?"

నర్సు తలుపేసుకునింది. అక్క వాకిలికి అడ్డంగా కూర్చునింది. వాచ్‌మన్ వచ్చినాడు, లేవలేదు. మా అత్త చెయ్యి పట్టి లాగింది: "అందరి ముందు మానం తీస్తావా? ఊరికే ఉండు."

"ఊరికే ఉండి ఉండి నేను పోగొట్టుకున్నది చాలదా అత్తా?"

కడాకు డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఇంత చిన్నదానికి ఇంత గలాటానా?" అనింది.

"చిన్నదే కదమ్మా. మరి ఎందుకు చేయలేదు?"

డాక్టరమ్మ నర్సును పిలిచి బిడ్డను ఇచ్చేయమనింది.

కోపిష్టి అంట! మీలో ఎవరికైనా బిడ్డను కనిన వెంటనే ఒళ్ళోకి ఇచ్చి ఉంటే, అది ఎవరో ఒకరు ముందే కోపం చేసుకుని సాధించిపెట్టిందేమో ఆలోచించండి. నెమ్మదిగా అడిగినోళ్ళను మెట్లు దింపి పంపించేసినారు. మా అక్కనూ అట్లే పంపించినారు.

ఆ మధ్యాహ్నం నేను పక్కకు తిరగలేకపోయినాను. ఒక చేతికి సూది, ఇంకో చెయ్యి నీరసానికి లేవలేదు. అక్క మంచం మీదికి వంగి, రెండు చేతులతో బిడ్డను నా రొమ్ముకు ఆనించి పట్టుకునింది. ఫ్యాను తిరగలేదు. నర్సును ఇంకా తిడతానే ఉండింది, గొంతు మాత్రం తగ్గించి, బిడ్డ ఉలిక్కిపడకుండా. గడ్డం మీద నుంచి చెమట బొట్లు దుప్పటి మీద పడతా ఉన్నాయి. బిడ్డ గుటకలేస్తా ఉంది. తాగడం అయ్యేదాకా ఆమె చేతులు తీయలేదు.