రూతమ్మ గారు దూయించిన ఆకులు

ఈ ఉదయం వేపపిండి బస్తా మూతి విప్పగానే, ఆ ఘాటైన చేదు వాసనకు, ఎప్పుడూ చేతులకు అదే పిండి అంటుకుని ఉండే రూతమ్మ గారు పిట్టగోడ అవతల నిలబడి ఉన్నట్టే అనిపించింది. ముసునూరు నర్సరీలో ముప్పై ఏళ్లు మామిడి అంట్లు కట్టిన మనిషి. ఆవిడ మా పక్కింటికి వచ్చేనాటికి నూజివీడు చుట్టూ మా వంశానికున్న తోటలన్నీ చేతులు మారి, నాకు ఈ పెరడొక్కటే మిగిలింది. మామిడి అందరికీ ఉంటుంది, ఎవరికీ లేనిది మన ఇంట ఉండాలని, ఎండను తట్టుకునే రకమంటే ఒక ఆపిల్ మొక్క తెప్పించాను. వీధంతా చెప్పాను కూడా. రెండో ఏడు ఆకుల అంచులు మాడాయి. "మీ కాశ్మీరు ఎంతదాకా వచ్చిందండీ?" అని దారిన పోయేవాళ్లు అడగసాగారు. ఆ మొక్క చస్తే నాకు తలెత్తుకునే దారి లేదు.

ఒకరోజు రూతమ్మ గారు గోడ మీదుగా తొంగిచూశారు. "అంటు కట్టిన చోటు దాకా మట్టి ఎగదోశారేంటి బాబుగారూ? కుళ్లిపోదూ?"

"మా తాతగారి తోటలో పాదులు ఇలాగే చేసేవారు," అన్నాను.

"చేసింది మా మామగారండీ. మీ తాతగారు పడక్కుర్చీలో ఉండేవారు. అంటు మీదికి మట్టి వస్తే మా మామగారు ఊరుకునేవారు కాదు."

రెండు రోజులు పెరట్లోకే వెళ్లలేదు. మూడో రోజు ఒక కొమ్మ ఎండింది. నేనే వాళ్ల గుమ్మం ముందు నిలబడి పిలిచాను. ఆవిడ వచ్చారు గాని మొక్కను ముట్టుకోలేదు. "మీ చెట్టు, మీ చేతులు. కూర్చోండి. ఏంటి, నడుం వంగదా?" అన్నారు. నా జన్మలో మొదటిసారి మట్టిలో గొంతుకూర్చుని, అంటు బయటపడేదాకా తవ్వాను.

డిసెంబరు నాటికి మొక్క పచ్చబడింది. నేను మురిసిపోతుండగా, "ఇక ఆకంతా దూసెయ్యండి," అన్నారావిడ.

"ఇప్పుడేగా బతికింది!"

"ఇది చలిదేశం మొక్కండీ. ఆకు రాలితేగాని పూత రాదు. మన చలికి రాలదు, మనమే రాల్చాలి. ఫోన్లో ఒకాయన చూపించాడు. భాష తెలీలా, చేతులు తెలిశాయి."

ఒక్కొక్క ఆకే దూశాను. ఆ మోడును చూసి వీధి వారం రోజులు నవ్వింది. నెల తిరిగేసరికి గులాబీ రంగు మొగ్గలు! ఆ వేసవికి ఒకే ఒక్క కాయ నిలిచింది, బత్తాయంత. కోసి సగం ఇస్తే ఆవిడ ఒక కన్ను మూసి, "అమ్మో, ఇది పప్పులోకి బాగుంటదండీ!" అన్నారు. ఇద్దరం పళ్లు పులిసి నవ్వాం. నవ్వుతూనే అడిగాను, "మీ మామగారి పేరేంటండీ?"

"ఏసోబు," అన్నారు. "ఇన్నాళ్లకి అడిగారు."

ఆవిడ పోయి రెండేళ్లయింది. తాతగారి తోటల గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు ఎకరాలు చెప్పను. ఏసోబు గారు పెంచిన తోటలని చెబుతాను.