ఫోన్లు గంపలో వేయించిన పెద్దనాయన

మా పెద్దనాయన నిన్న సాయంత్రం నాలుగు గంటలకు కర్నూలులో ఒక ఆసుపత్రిలో చనిపోయారు. ఫోన్లలో మధ్యాహ్నమే చనిపోయారు. చూడటానికి వెళ్లిన ఆయన మేనల్లుడు, ముక్కుకు గొట్టంతో ఉన్న మనిషిని ఫోటో తీసి, చుట్టూ పూలు అతికించి, 'శ్రద్ధాంజలి' అని మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

పెద్దమ్మ అప్పుడు బేతంచెర్ల నుంచి బస్సులో వస్తోంది. పక్కసీటామె ఆ ఫోటో చూపించి పరామర్శించింది. దారంతా ఏడ్చి, ఆసుపత్రికి వచ్చి ఆయన మంచం మీద పడితే, ఆయన కళ్లు తెరిచారు.

"యాడికి పోయినానని ఏడుస్తాండావే? ఈడే ఉండా గదా."

ఎందుకు పెట్టావని మేనల్లుణ్ణి అడిగాను. "రోంత ముందేసినా, అంతే గద బావా" అన్నాడు. క్షమాపణ అడగలేదు. ఫోటో తీసేయనూ లేదు.

పెద్దనాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశారు. మా చర్చికి సంఘపెద్ద. ఆదివారం గుమ్మం దగ్గర గంప పట్టుకుని నిలబడి అందరి ఫోన్లూ అందులో వేయించేవారు. "వారమంతా మిషన్ల సప్పుడే వింటాండా. ఈ గంటసేపన్నా వదలండప్పా" అనేవారు. నా బైబిలు ఫోన్‌లోనే ఉందని ఒకాయన మొండికేస్తే, పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు.

"ఇది సదువుకోప్పా. దీంట్లోకైతే మీ ఇంటామె ఫోన్ చెయ్యదు."

ఆ గంటలో పక్కవాళ్ల గొంతులు వినిపించేవి. మా నాయన అంత బాగా పాడతాడని నాకు తెలిసింది అక్కడే. అందుకు పెద్దనాయనకు రుణపడి ఉన్నాను.

సమాధుల తోటకు కూడా ఆ గంప వెళ్లడానికి కారణం వేరే. మా వాళ్లలో పెట్టె దించాక అందరూ తలా పిడికెడు మట్టి వేస్తారు. ఒకసారి ఒకామె సమాధిలో పెట్టెను దగ్గరగా వీడియో తీయబోయి ఒకడు ఫోన్ గుంతలో జారవిడిచాడు. గుంపులో నుంచి మట్టి పడుతూనే ఉంది. లోపల సినిమా పాట మోగింది. చనిపోయినామె కొడుకే దిగి, తను వేసిన మట్టిని చేతులతో తోడాడు. పెద్దనాయన అరవలేదు. "మట్టేసే చెయ్యి ఖాళీగా ఉండల్లప్పా" అన్నారంతే. తర్వాతి సమాధికి గేటు దగ్గర గంపతో నిలబడ్డారు. ముసలాయన పెత్తనం ఎక్కువైందన్నవాళ్లున్నారు. నిన్న ఆ ఫోటో కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టింది వాళ్లే.

రేపు ఉదయం పదింటికి ఆయన సమాధి. మేనల్లుడు లైవ్ పెడతానంటున్నాడు. కువైట్‌లో ఉన్న బంధువులు చూడాలట. ఆయన మంచాన ఉన్నన్నాళ్లూ ఆ బంధువుల్లో ఒక్కరూ పెద్దమ్మకు ఫోన్ చేయలేదు. పాస్టరుగారు ఇంటివాళ్ల ఇష్టమన్నారు. పెద్దమ్మను అడిగాను.

"ఒకసారి సంపి సూపిచ్చినారు, సాలు. గుంతలో గూడా సూపిచ్చల్లనా?"

ఈ సాయంత్రం గుంత తవ్వారు. తవ్వినవాళ్లు వెళ్లాక మేనల్లుడు వచ్చి, తలవైపు మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, కదలకుండా కాళ్ల దగ్గర బండముక్కలు పెట్టి పోయాడు. దానికి ఫోన్ ఇంకా బిగించలేదు. రేపు తొమ్మిదింటికల్లా తనకు అక్కడ కుర్చీ వేయాలని పెద్దమ్మ కబురు చేసింది. స్టాండు ఉన్న చోటే వేయమంది.