తైలిన్ నోట్లో ఎరుపు

పిన్‌ఉర్స్లా దాటాక రెండో మలుపులో కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. మా సుమో ముందు ఇంకొన్ని బళ్లు ఆగి ఉన్నాయి. వాన పడుతూనే ఉంది. ఖాసీ కొండల వాన గురించి రాసినవాళ్లు చాలామందే గాని, వాళ్లలో సగంమంది దాన్ని బంగళా కిటికీలోంచి చూసినవాళ్లు. సుమోలో పదిమంది మధ్య ఇరుక్కుని చూస్తే వానతో పెద్ద ఇబ్బందేం ఉండదు. పక్కవాడి గొడుగులోంచి మన చెప్పులోకి కారే నీళ్లతోనే అసలు గొడవ.

నా పక్కన కూర్చున్నావిడ సంచిలోంచి ఫోను తీసింది. దాని వెనక చిన్న దీపం ఒకటి బిగించింది. నోరు బార్లా తెరిచి, బుగ్గని వేలితో పక్కకి లాగి, తన నోటినే ఫొటో తీసుకుంది. తెర మీద ఫొటో చుట్టూ ఎర్రగీత వచ్చింది. ఫోను ఎత్తి అందరికీ చూపించింది.

"చూశారా, నాకూ ఎరుపే. ఈ ఫోను ద్ఖార్. మైదానాల్లో పుట్టింది. క్వాయ్ రంగు చూసి రక్తం అనుకుంటుంది పాపం. భయపడాల్సిందేం లేదు, నోళ్లు తెరవండి."

ద్ఖార్ అనగానే అందరూ నావైపు చూసి నవ్వారు. ఆ బండిలో బయటివాణ్ని నేనొక్కణ్నే. నా బుగ్గలోనూ అప్పుడు పచ్చివక్క, సగం తమలపాకు, సున్నం ఉన్నాయి, క్వాయ్ అంటే అదే. "ఈ ద్ఖార్ బా మాత్రం దారికొచ్చాడులే," అన్నాడు డ్రైవరు షాన్‌బోర్. ఇక్కడ మగవాళ్లని బా, ఆడవాళ్లని కాంగ్ అంటారు, అన్నా అక్కా అన్నట్టు. తన నోరు తీస్తే ఫోను పగిలిపోతుందని కూడా అన్నాడు. అయినా తెరిచాడు. ఆ తరవాత ఒకరొకరుగా అందరూ తెరిచారు.

ఆవిడ పేరు తైలిన్ బుఫాంగ్. నలభై దాటి ఉంటుంది. షిల్లాంగ్ పెద్దాసుపత్రి తరఫున ఈ దక్షిణపు వాలు ఊళ్లు తిరుగుతూ నోటి క్యాన్సర్ కోసం నోళ్లు చూడటం ఆమె పని. ఫోను ఫొటో చూసి పచ్చగీతో ఎర్రగీతో వేస్తుంది. ఎర్రగీత పడ్డ ఫొటో సిగ్నల్ దొరకగానే డాక్టరుకి పోతుంది. కాని ఇక్కడ పాలపళ్ల పిల్లలు తప్ప అందరి నోళ్లూ ఎర్రగానే ఉంటాయి. మొదట్లో డాక్టర్లకి రోజూ గంపెడు ఫొటోలు వచ్చి పడేవట. అందుకని ఫోనులో 'మరక' అనే మీట ఒకటి పెట్టారు. తైలిన్ చూసి అది క్వాయ్ మరకే అనుకుంటే దాన్ని నొక్కుతుంది. దాంతో ఆ ఫొటో సంగతి ముగిసిపోతుంది.

మరి నీ నోరెందుకు ఫొటో తీసుకుంటున్నావని అడిగాను. ముక్కూమొహం తెలియని మనిషికి నోరు ఎవరు తెరుస్తారు బా, ముందు నాది చూపిస్తే సిగ్గు పోతుంది, అంది. ప్రతి ఊళ్లోనూ మొదటి ఫొటో తనదేనట. దానికి పేరు 'పరీక్ష' అని పెడుతుందట; అవి మరక నొక్కకుండానే ఆసుపత్రికి పోయి పడుంటాయట.

మలుపు దగ్గర టీ కొట్టు ఉంది. టీ, అన్నం, ఎండుచేప పచ్చడి బండిలోకే తెప్పించుకున్నాం. తైలిన్ టీ చల్లారేదాకా ముట్టుకోలేదు. పచ్చడి నా ఆకులోకి తోసేసింది. పన్ను గీరుకుని చిన్న పుండయిందట, కారం పట్టడం లేదట. ఎన్నాళ్లయిందని అడగాలని నాకు తోచలేదు.

ఆ మలుపులో ఫోన్లకి ఒక జబ్బుంది. కింద కనిపించే బంగ్లాదేశ్ టవర్లకి అతుక్కుని గడియారాలు అరగంట ముందుకి దూకుతాయి, మళ్లీ వెనక్కొస్తాయి. అలా వెనక్కొచ్చిన క్షణంలో తైలిన్ ఫోను మోగింది. వాన చప్పుడుకి వినపడక స్పీకరు నొక్కింది.

డాక్టర్ ఐమోన్ అట. కుర్ర గొంతు. నెమ్మదిగా మాట్లాడుతోంది. "కాంగ్, 'పరీక్ష' అన్న పేరుతో ఫొటోలున్నాయి. ఎవరివి అవి?"

"నావే డాక్టర్. జనానికి చూపించడానికి తీసుకుంటా."

"అన్నీ మీవేనా?"

"అన్నీ నావే."

తరవాత డాక్టరు, ఆ ఫొటోలు తామెవరూ చూడరనీ, ఇవాళ కంప్యూటర్లో చోటు ఖాళీ చెయ్యడానికి తెరిచి, చెరిపేసేముందు తేదీల వరసలో పెట్టామనీ చెప్పింది. "ఎడమ బుగ్గ లోపల ఎప్పుడూ ఒకటే చోటు, కాంగ్. చలికాలంలో గోరంత ఉంది. ఇప్పుడు..."

తైలిన్ స్పీకరు కట్టేసి ఫోను చెవికి ఆనించుకుంది. సుమోలో అందరూ కిటికీలోంచి చూడటం మొదలెట్టారు, అక్కడ పొగమంచు తప్ప ఏమీ లేకపోయినా. ఆమె ఊ కొడుతూనే ఉంది. చివర్లో ఒక్కటే అడిగింది: "నేను మరక నొక్కినవి మళ్లీ తెరవొచ్చా?" జవాబు విని, రేప్పొద్దున షిల్లాంగ్‌లో నాకోసం డాక్టర్లు కూచుంటారట, అని ఫోను సంచిలో పెట్టుకుంది.

షాన్‌బోర్ వెనక్కి తిరిగాడు. "బండి తిప్పేస్తాను కాంగ్. చీకటి పడేలోపు షిల్లాంగ్‌లో దింపుతా. వీళ్లంతా ఇక్కడ వేరే బండి చూసుకుంటారు." ఎవరూ కాదనలేదు.

ఆమె తలుపు తీసుకుని దిగింది. "ఎక్కడికి?" అన్నాడు షాన్‌బోర్.

"కిందికి. బా ద్రోలిస్ ఇంటికి."

"రేప్పొద్దున నీకోసం డాక్టర్లు కూచుంటారటగా?"

"కూచుంటారు. నువ్వూ కూచో. వెలుతురు పోయేదాకా చూడు. రాకపోతే వెళ్లిపో."

నేనూ ద్రోలిస్ ఇంటికే బయల్దేరినవాణ్ని. అతనిది నాతో ఏళ్లనాటి స్నేహం. నారింజల కాలం మొదలైతే వాళ్ల తోటలో నాలుగు రోజులు ఉండిపోవడం నాకు అలవాటు. గొడుగు తీసుకుని ఆమె వెనకాలే దిగాను. బురదలో మోకాళ్ల దాకా దిగబడుతూ విరిగిపడ్డ చరియ దాటాం. అవతల రాతిమెట్లు. ఇక్కడి ఊళ్లన్నీ అలాంటి మెట్లకి వేలాడుతుంటాయి. దారి ఎంతుందని అడిగితే పాతవాళ్లు క్వాయ్‌ల లెక్కన చెబుతారు. ఒక క్వాయ్ బుగ్గన పెట్టి, రసం అయిపోయి పిప్పి ఉమ్మేసే లోపు నడిచేది ఒక క్వాయ్ దూరం. ద్రోలిస్ ఇల్లు రెండు క్వాయ్‌ల దూరం. లోకంలో దూరాన్ని అడుగులతోనూ కోసులతోనూ బాణం వేటుతోనూ కొలిచిన జాతుల గురించి చదివాను గాని, రుచితో కొలిచినవాళ్లని ఇక్కడే చూశాను.

తైలిన్ అలవాటు కొద్దీ నడుము దగ్గరి సంచిలోంచి ఒక క్వాయ్ తీసింది. నోటిదాకా తెచ్చి ఆగింది. పారెయ్యలేదు, తినలేదు. పిడికిట్లో పట్టుకునే నడిచింది.

సగం మెట్లు దిగాక నోరు విప్పింది. మరక నొక్కిన ఫొటోలు దాచరట, చోటు చాలదని చెరిగిపోతాయట. ఎవరివెవరివో ఇక చెప్పేది లేదు. "అందరివీ గుర్తు లేవు బా. ఎన్ని నోళ్లని గుర్తుంటాయి. ద్రోలిస్ ఒక్కడే గుర్తున్నాడు. ఆయన నోరు పూర్తిగా తెరుచుకోలేదు. సిగ్గా బా, కొత్తపెళ్లికొడుకువా అని ఏడిపించాను. ఎరుపొచ్చింది. ఇదేంటి కాంగ్ అన్నాడు. నా ఫొటో చూపించి, నాకూ అంతే కదా అన్నాను."

"ఎప్పుడు?"

"పోయిన నారింజలప్పుడు."

జారే మెట్ల మీద ఆమె అంత వేగంగా దిగుతుంటే నేను గొడుగు కర్రలా ఆనించుకుంటూ వెంటపడ్డాను.

ద్రోలిస్ వరండాలో కూచుని తమలపాకులు కట్టలు కడుతున్నాడు. వక్కచెట్టులాంటి మనిషి, సన్నగా నిటారుగా. మమ్మల్ని చూసి, ద్ఖార్‌ని వానలో ఏ దెయ్యం లాక్కొచ్చిందని నవ్వాడు. నవ్వినప్పుడు అతని పెదాలే కదిలాయి, దవడ కదల్లేదు. ఎన్నేళ్లుగా అతను అలా నవ్వుతున్నాడో నేను గమనించలేదు. భార్య స్లోమి క్వాయ్ పళ్లెం తెచ్చి మా ముందు పెట్టింది. ఇల్లు ఆవిడది. ఈ కొండల్లో ఇల్లు చిన్నకూతురికి వస్తుంది. ఇంటికొచ్చినవాడికి ముందు క్వాయ్, ఆ తరవాతే మాట. వద్దంటే ఇంటినే వద్దన్నట్టు.

తైలిన్ పళ్లెం ముట్టుకోలేదు. స్లోమి అది చూసింది.

తైలిన్ చెప్పాల్సింది చెప్పింది. ఆరోజు నువ్వడిగిన ఎరుపు సంగతి నేను తప్పు చెప్పాను, అది మరక కాకపోవచ్చు, మళ్లీ ఫొటో తీసి పంపాలి, నాతో షిల్లాంగ్ రావాలి.

ద్రోలిస్ కట్ట ముడి వేస్తూ విన్నాడు. "నీకూ ఎరుపేగా కాంగ్. నువ్వు కొండలెక్కి దిగుతూ మేకపిల్లలా ఉన్నావు. నాకేమవుతుంది?"

"నాదీ మరక కాదట."

అతను తలెత్తాడు. ఆమె మూడు వేళ్లు నిలువుగా జోడించి నోట్లో పెట్టుకోబోయింది. జబ్బులేని నోట్లో మూడూ పట్టాలట; ఆమెకి రెండే పట్టాయి. మూడోదానికి చోటు లేదు. "నువ్వూ పెట్టు బా."

ద్రోలిస్ నవ్వబోయి ఆగాడు. వేళ్లు పైకి తెచ్చాడు. ఒకటి లోపలికి వెళ్లింది. రెండోది పంటికి తగిలి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. స్లోమి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. నేను గోడవైపు తిరిగి నా నోట్లోనూ వేళ్లు పెట్టి చూసుకున్నాను. అది వేరే సంగతి.

ద్రోలిస్ వేళ్లు తుడుచుకుని, మామీద కాకుండా తోట మీద చూపు పెట్టి మాట్లాడాడు. వాళ్ల తాత ఊరికి గుడ్లు పగలగొట్టి జోస్యం చెప్పేవాడు. ఎవరికి జబ్బు చేసినా పలక మీద గుడ్డు విసిరి, పెంకులు ఎటు పడ్డాయో చూసేవాడు. "పెంకులు చెడుగా పడితే ఏం చేసేవాడో తెలుసా? ఇంకో గుడ్డు తెమ్మనేవాడు. మంచిగా పడేదాకా పగలగొట్టేవాడు. గంపలు గంపలు ఖాళీ అయ్యేవి. జనం సంతోషంగా ఇళ్లకి పోయేవాళ్లు."

"నేను చేసిందీ అదే," అంది తైలిన్. "నాకు గుడ్లు కూడా ఖర్చు కాలేదు."

అది విని ద్రోలిస్ నిజంగా నవ్వాడు, దవడ సహకరించినంత మేరకు. కాని నవ్వు అయ్యాక, ఆకులు సంతకి వెయ్యాలి, తరవాత వస్తాను, అన్నాడు. చచ్చినవాడి గురించి ఖాసీలు దేవుడింట్లో క్వాయ్ తింటున్నాడంటారు. "అక్కడా పెట్టేది ఇదేగా కాంగ్. తొందరేముంది?"

ఆమె వాదించలేదు. ఫోను తీసి దీపం బిగించింది. ముందు తన నోరు తీసుకుంది. పేరు రాసేచోట ఈసారి తన పేరు కొట్టింది. రెండుసార్లు తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టింది. తరవాత ద్రోలిస్ నోరు. రెండింటికీ ఎర్రగీతే. 'మరక' మీట కిందనే ఉంది. ఆమె బొటనవేలు దాని పక్కనే కాసేపు ఆగింది. అలవాటు పడ్డ వేలు. తరవాత 'పంపు' నొక్కింది.

ఇంట్లో సిగ్నల్ లేదు. తోట చివర బండరాయి మీద నిలబడితే దొరుకుతుందట. నలుగురం వానలోనే అక్కడికి వెళ్లాం. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. గడియారం అరగంట ముందుకి దూకింది. చక్రం ఆగిపోయింది. బంగ్లాదేశ్ పట్టేసిందన్నాడు ద్రోలిస్. తైలిన్ ఫోను ఇంకా పైకెత్తి, కాలివేళ్ల మీద లేచి నిలబడింది. పడమటివైపు వెలుతురు పలచబడుతోంది. పైన షాన్‌బోర్ ఉన్నాడో లేదో తెలియదు. గడియారం వెనక్కొచ్చింది. చక్రం మళ్లీ తిరిగింది. ఒక ఫొటో పోయింది. అది ఆమెది. రెండోది సగంలో ఆగింది. వాన చినుకులు తెర మీద పడుతుంటే స్లోమి తన కొంగు అడ్డం పెట్టింది. చాలాసేపటికి రెండోదీ పోయింది.

జవాబు మేం బండరాయి దిగేలోపే వచ్చింది. ఇద్దరినీ రమ్మంది డాక్టర్ ఐమోన్, రేప్పొద్దునకి. ద్రోలిస్ గురించి విడిగా ఇంకో మాట రాసింది: ఆయన్ని ఒక్కరోజు కూడా ఆపొద్దు. వరండాలోకి వచ్చి కూచున్నాక తైలిన్ అది పైకి చదివింది. ద్రోలిస్ ఆకుల కట్టల వైపు చూస్తున్నాడు.

అప్పుడు స్లోమి వంగి మా ముందున్న క్వాయ్ పళ్లెం తీసేసింది. అతిథులు కూచుని ఉండగా ఈ కొండల్లో ఆ పని చేసిన ఇల్లాలిని నేను అంతవరకూ చూడలేదు. లోపలికి తీసుకెళ్లి ఎక్కడ పెట్టిందో తెలియదు. తిరిగొచ్చేటప్పుడు చేతుల్లో మొగుడి బూట్లు, వీపు మీద కప్పుకునే వెదురు వానగొడుగు ఉన్నాయి. అవి అతని ఒళ్లో పడేసింది. "ఆకులు నేను వేస్తా సంతకి."

ద్రోలిస్ బూటులో కాలు దూర్చసాగాడు. లేసులు అతని వేళ్లకి దొరకడం లేదు.

తైలిన్ అప్పటికే లేచింది. అతనికోసం ఆగలేదు. వెళ్లేవాళ్లు ఖుబ్లే అంటారు. దండమూ, కృతజ్ఞతా, వీడ్కోలూ అన్నీ ఆ ఒక్క మాటే. ఆమె అది అనలేదు. పిడికిట్లో మెట్ల మీదినుంచీ నలిగిన క్వాయ్‌ని వరండా అంచున పెట్టి, సంచి భుజానికి వేసుకుని మెట్లెక్కడం మొదలెట్టింది. వక్కచెట్ల మధ్య ఆమె వీపు కాసేపు కనపడింది. వెనక ద్రోలిస్ ఒక బూటు లేసు వదిలేసే పరిగెత్తాడు. పైనుంచి బండి హారను ఒకసారి మోగింది. ఆమె తిరిగి చూడలేదు. పైకి రెండు క్వాయ్‌ల దూరం. ఆమె నోట్లో ఏమీ లేదు.